ముప్పై వాట్ల పందెం

నైట్రో ఇంజను బిగించిన రిమోట్ కారు ఒక్కటి మైదానంలో తిరుగుతుంటే చాలు, పక్కవాడి మాట వినపడదు. గుప్పిట్లో పట్టేంత ఇంజను నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరుగుతుంది. దానికి పోసేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, వాటిలో కలిపిన నూనె. ఆ నూనెలో ఆముదానికీ వాటా ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆముదం లాంటిదే. ఎంత వేడిలోనైనా లోహానికి అంటిపెట్టుకుని ఉండే జిడ్డు దానిది. అందుకే విమానాల తొలిరోజుల నుంచీ రేసు ఇంజన్ల వాళ్లు దాన్ని వదల్లేదు. పందెం అయిపోయాక కూడా ఆ కమురు వాసన చాలాసేపు అక్కడే తచ్చాడుతుంది.

ఇంకో రకం పందెం ఉంది. అక్కడ మైకు పెడితే శ్రోతలకు వినిపించేది చాలా తక్కువ. టైర్ల రాపిడి, చిన్న ఫ్యాను గుయ్యిమనే చప్పుడు, కొన్ని సెకన్లకోసారి టక్కుమని ఒక వాల్వు తెరుచుకోవడం. ఆ టక్కుతో పాటే కారు వెనక రెండు మూడు నీటి తుంపర్లు నేలమీద పడతాయి. అది హైడ్రోజన్‌తో నడిచే కారు. పొడవు మూర కన్నా తక్కువ. కట్టిందీ, నడిపేదీ హైస్కూలు పిల్లలు.

సింగపూర్‌లో 2003లో పుట్టిన హొరైజన్ ఫ్యూయల్ సెల్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఈ ఆటకు మూలం. 2006లో వాళ్లు హెచ్-రేసర్ అనే బొమ్మ కారు తెచ్చారు. దాంతోపాటు నీళ్లు పోస్తే హైడ్రోజన్ తయారుచేసే చిన్న బంకు కూడా ఇచ్చారు. ఆ ఏటి మేలైన ఆవిష్కరణల జాబితాలో టైమ్ పత్రిక దానికి చోటిచ్చింది. బొమ్మగా మొదలైంది బొమ్మ దగ్గర ఆగలేదు. తర్వాతి ఏళ్లలో నిజం కారులో పదో వంతు కొలత ఉండే రేడియో కంట్రోల్ కార్లకు సరిపడే ఫ్యూయల్ సెల్ తయారైంది. దాంతో బడి పిల్లల జట్లకు హైడ్రోజన్ గ్రాండ్ ప్రి పోటీలు పుట్టాయి. కాలిఫోర్నియా నుంచి చెక్ రిపబ్లిక్ దాకా అవి జరుగుతున్నాయి.

మామూలు రిమోట్ కార్ల పందెం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇది అలా తేలదు. కొన్నిచోట్ల నాలుగు గంటలు, కొన్నిచోట్ల ఏకంగా ఆరు గంటలు. ఒక్కో జట్టు వాడుకోదగ్గ హైడ్రోజన్‌కూ, బ్యాటరీకీ పరిమితి ఉంటుంది. గంట కొట్టేసరికి ఎవరి కారు ఎక్కువ చుట్లు తిరిగి ఉంటే వాళ్లు నెగ్గినట్టు. మొదటి పావుగంటలో అందర్నీ దాటుకుంటూ పోయిన కారు చివరికి ఆఖరి వరుసలో తేలడానికి ఈ పందెంలో బోలెడు అవకాశం ఉంది.

కారణం లెక్కలో ఉంది. ఈ తరగతి కార్లలో వాడే ఫ్యూయల్ సెల్ శక్తి ముప్పై వాట్లు. ఇంట్లో రెండు మూడు ఎల్ఈడీ బల్బులు తినేంత. మామూలు లిథియం పాలిమర్ బ్యాటరీ పెట్టి అదే కారును రేసులో తిప్పితే మోటారు సగటున నూరు వాట్లకు పైగానే లాగుతుంది. ట్రిగ్గర్ గట్టిగా నొక్కిన క్షణాల్లో కొన్ని వందల వాట్లు. అంటే కారుకు కావాల్సినదానికీ, ఫ్యూయల్ సెల్ ఇవ్వగలిగినదానికీ మధ్య పొంతనే లేదు. ఈ పొంతన లేనితనమే ఆట మొత్తం. ముప్పై వాట్లకు బదులు మూడు వందల వాట్ల సెల్ ఇచ్చి ఉంటే పిల్లలకు నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

ఆ సెల్‌ను దగ్గరగా చూస్తే అరచేతి వెడల్పు పెట్టె. లోపల పద్నాలుగు పలకలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. ఒక్కో పలక పని చేసేటప్పుడు ఇచ్చేది 0.6 వోల్టులు. అన్నీ కలిస్తే 8.4. ప్రతి పలకలోనూ ప్లాటినం పూసిన పల్చటి పొర ఉంటుంది. ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు ఫ్యాను ఊదే మామూలు గాలి. హైడ్రోజన్ అణువులోని ప్రోటాన్లను మాత్రమే పొర తనగుండా పోనిస్తుంది. ఎలక్ట్రాన్లను పోనివ్వదు. అవి తీగ వెంట, మోటారు మీదుగా చుట్టు తిరిగి అవతలికి చేరాలి. ఆ తిరుగుడే కరెంటు. అవతల ప్రోటాన్లూ, ఎలక్ట్రాన్లూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. కొంత నీరు, గాలిలోంచి జొరబడిన కొంత నైట్రోజన్ హైడ్రోజన్ ఉండే వైపుకు కూడా చేరి అడ్డుపడతాయి. వాటిని బయటికి తరమడానికే ఆ టక్కుమనే వాల్వు.

పొర ఎండిపోతే కరెంటు పడిపోతుంది. మరీ తడిసినా పడిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒకలా, ఏసీ హాల్లో ఒకలా ప్రవర్తిస్తుంది. పుస్తకంలో ఒక్క సమీకరణంగా కనిపించే సంగతి మైదానంలో ఇన్ని నఖరాలు పోతుంది.

హైడ్రోజన్ దాచే సిలిండరు సంగతి ఇంకా ముచ్చటైంది. చూడటానికి లావుపాటి టార్చిలైటు సెల్‌లా ఉంటుంది. బరువు నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ. అందులో పది లీటర్ల హైడ్రోజన్ పడుతుంది. బలవంతంగా కుక్కితే కాదు, లోపలి లోహపు పొడి పీల్చుకుంటే. లాంథనం, నికెల్ కలిసిన ఇలాంటి మిశ్రమ లోహం హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని హాలండులోని ఫిలిప్స్ ప్రయోగశాల వాళ్లు 1960ల చివర్లో కనిపెట్టారు. వింతేమిటంటే, లిథియం రాకముందు రిమోట్ కార్లలో రాజ్యమేలిన నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీల్లో ఉన్నదీ ఆ కుటుంబపు లోహమే. కొత్త ఇంధనం అనుకున్నది పాత బ్యాటరీలో ఎప్పటినుంచో కూర్చుని ఉంది.

ఈ పొడి హైడ్రోజన్‌ను పీల్చుకునేటప్పుడు వేడెక్కుతుంది. వదిలేటప్పుడు చల్లబడుతుంది. పందెం జోరుగా సాగుతుంటే సిలిండరు ముట్టుకుంటే జిల్లుమంటుంది, పైన చెమ్మ పడుతుంది. చల్లబడ్డకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది, హైడ్రోజన్ రావడం మందగిస్తుంది. లోపల ఇంకా సగం ఉన్నా సరే, ఖాళీ అయినట్టే నటిస్తుంది. తెలియని జట్టు దాన్ని పీకేసి కొత్తది పెడుతుంది. తెలిసిన జట్టు సిలిండరును ఫ్యూయల్ సెల్ వదిలే వేడిగాలికి ఎదురుగా బిగిస్తుంది. ఒకదాని వేడి రెండోదాని చలిని తీరుస్తుంది. ఛాసిస్ మీద రెండు సామాన్ల జాగా మార్చడం తప్ప ఇందులో ఖర్చు లేదు.

పది లీటర్ల హైడ్రోజన్ నుంచి చేతికి వచ్చే కరెంటు సుమారు 14 వాట్ అవర్లు. ముప్పై వాట్ల చొప్పున లాగితే అరగంట లోపే చెల్లు. ఆరు గంటలూ అలాగే తిప్పాలంటే పదమూడు సిలిండర్లు కావాలి. సగటును ఇరవై వాట్లకు దించగలిగితే తొమ్మిది చాలు. పైగా సిలిండరు మార్చిన ప్రతిసారీ కారు పిట్‌లో నిలబడాలి. తక్కువ మార్పులంటే తక్కువ ఆగడం. ఇక్కడ కారు నడిపేవాడి కన్నా పక్కన నోటుబుక్కు పట్టుకుని కూర్చున్న పిల్ల ముఖ్యం. ఎన్ని ల్యాపులయ్యాయి, ఎంత హైడ్రోజన్ ఖర్చయింది, మిగిలిన టైముకు మిగిలిన సరుకు సరిపోతుందా అని ఆమె లెక్క వేస్తూ "కొంచెం తగ్గించు" అంటుంది. ట్రిగ్గరు మీద వేలున్న కుర్రవాడికి ఆ మాట రుచించదు. అయినా వినాల్సిందే.

ఏం తగ్గించాలి అన్నదానికీ లెక్కే జవాబు. కారు బరువు రెండు కిలోలు, వేగం సెకనుకు పది మీటర్లు అనుకుంటే, అంటే గంటకు 36 కిలోమీటర్లు, దాని చలన శక్తి 100 జౌళ్లు. మలుపు ముందు బ్రేకు వేసి వేగం సగానికి దించితే అందులో 75 జౌళ్లు ఆవిరి. ట్రాక్ మీద అలాంటి మలుపులు నాలుగు, ల్యాపుకు పట్టేది ఇరవై సెకన్లు అనుకుంటే, ల్యాపుకు 300 జౌళ్లు పోయినట్టు. సెకనుకు పదిహేను. అంటే ఫ్యూయల్ సెల్ పుట్టించే ముప్పై వాట్లలో సగం బ్రేకుల పాలు! మలుపు రాకముందే ట్రిగ్గరు వదిలేసి, కారును దాని ఊపులోనే పోనిచ్చి, బ్రేకు ముట్టకుండా తిప్పగలిగితే అదంతా మిగులుతుంది. హైవే మీద ఆర్టీసీ డ్రైవర్లకు డీజిలు పొదుపు మీద చెప్పే పాఠం కూడా ఇదే. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో అర ఎం వీ స్క్వేర్ అని బట్టీపట్టిన సూత్రం ఇలా ట్రాక్ మీద పిల్లల చేతికి చిక్కుతుంది.

అయితే ఎక్కడో ఒకచోట వేగం అందుకోక తప్పదు. పక్క కారును దాటాలి, ఎత్తు ఎక్కాలి. ఆ క్షణానికి ముప్పై వాట్లు చాలవు. దానికి విరుగుడు సూపర్ కెపాసిటర్. వేసవిలో మునిసిపల్ కుళాయి సన్నగా వస్తుంటే కింద బిందె పెట్టి, నిండాక ఒక్కసారి ఎత్తి పోసుకున్నట్టు. ఫ్యూయల్ సెల్ సన్నని కుళాయి, కెపాసిటర్ బిందె. 2.7 వోల్టుల, 100 ఫారడ్‌ల కెపాసిటర్లు మూడు వరసగా కలిపితే అందులో దాదాపు 1,100 జౌళ్లు పడతాయి. వోల్టేజి సగానికి పడిపోయే లోపు వాడుకోగలిగేది 800. కాగితం మీద చూస్తే నిలబడ్డ కారును ఎనిమిదిసార్లు వంద జౌళ్ల వేగానికి ఉరికించవచ్చు. మోటారు నష్టాలు, తీగల నష్టాలు పోను నాలుగైదుసార్లు దక్కినా గొప్పే. కొన్ని జట్లు ఈ పనికి చిన్న బ్యాటరీ పెట్టుకుంటాయి. రోడ్ల మీద తిరిగే హైడ్రోజన్ కార్లలోనూ ఇదే అమరిక. టయోటా మిరాయ్‌లో ఫ్యూయల్ సెల్ పక్కన బ్యాటరీ ఉండేది అందుకే.

ఇంతకీ హైడ్రోజన్ ఇంధన వనరేనా? గట్టిగా అడిగితే కాదు. బొగ్గులాగో, చమురులాగో తవ్వితే చాలినంత దొరికే సరుకు కాదది. ఎక్కడో పుట్టిన కరెంటును మోసుకొచ్చే మోపరి. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కిలోలో దాగి ఉండేది 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దాన్ని తిరిగి కరెంటుగా మార్చేటప్పుడు సగం వేడిగా పోతుంది. యాభై పోస్తే పదహారో పదిహేడో చేతికొస్తాయి. అదే కరెంటు నేరుగా లిథియం బ్యాటరీలో పోస్తే తొంభై శాతం వరకు వెనక్కి వస్తుంది. పైగా ఇవాళ ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజవాయువు, బొగ్గు నుంచే వస్తోంది. ఈ లెక్క చెప్పకుండా హైడ్రోజన్ కారు వెనక రాలే నీటిచుక్కల్ని మాత్రమే చూపించి పిల్లల్ని మురిపించడం సగం నిజం చెప్పడమే. మంచి జట్లు ఈ ప్రశ్నను తామే వేసుకుంటాయి. తమ సిలిండర్లను సోలార్ పలకల కరెంటుతో నింపుకునే ప్రయత్నం అక్కడినుంచే మొదలవుతుంది.

మరి ఎందుకు దీని వెంట పడటం? బరువు మోసే చోట్ల, బ్యాటరీని గంటలకొద్దీ ఛార్జింగ్‌లో పెట్టే వీలులేని చోట్ల, కరెంటు తీగ పోని చోట్ల దీని అవసరం వేరు. వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ 1839లోనే దీని సూత్రం చూపించాడు. తర్వాత నూరేళ్లకు పైగా అది ప్రయోగశాల బీరువాలోనే ఉండిపోయింది. దాన్ని బయటికి లాగింది అంతరిక్షం. 1965లో జెమిని-5 నౌక ఫ్యూయల్ సెల్‌తో ఎగిరింది. అపోలో వ్యోమగాములకు కరెంటూ తాగునీరూ రెండూ దాన్నుంచే. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సీ58 రాకెట్ చివరి దశలోనూ ఇస్రో ఒక ఫ్యూయల్ సెల్‌ను పరీక్షించింది. అది 180 వాట్లు ఇచ్చింది. పిల్లల రిమోట్ కార్లో ఉండే సెల్‌లాంటివి ఆరు కలిస్తే అంతే! అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ తలపెట్టిన హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అంటే ఈ విద్య తెలిసిన పిల్లలకు ఉత్తరాంధ్ర తీరంలోనే పని ఉండబోతోంది.

సోలార్ సంగతి ఇంత తికమక కాదు, కానీ ఇంకా పీనాసిది. పదో వంతు కొలత కారు పైభాగమంతా పలకలతో కప్పినా దొరికే జాగా సుమారు 19 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల పొడవు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అంత జాగా మీద పడే ఎండ 80 వాట్లు. ఇరవై శాతం సామర్థ్యం ఉన్న పలక అందులోంచి పిండేది పదహారు. వంద వాట్లు అడిగే మోటారుకు అది ఏ మూలకు? కాబట్టి సోలార్‌తో పోటీ పెట్టినవాళ్లు కారునే మార్చేశారు. రేడియో తీసేశారు, బరువు తీసేశారు, మలుపులు తీసేశారు.

అలా అమెరికాలో పుట్టింది జూనియర్ సోలార్ స్ప్రింట్. దాని వెనక పెద్ద కథ ఉంది. 1987లో ఆస్ట్రేలియాలో మొదటి ప్రపంచ సోలార్ కార్ల పందెం జరిగింది. ఉత్తరాన డార్విన్ నుంచి దక్షిణాన అడిలైడ్ దాకా మూడు వేల కిలోమీటర్లు. జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ సగటున గంటకు 66.9 కిలోమీటర్ల వేగంతో దాన్ని గెలిచింది. ఆ ఊపులో ఐదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల కోసం చిన్న సోలార్ కార్ల పోటీ మొదలైంది. ట్రాక్ పొడవు ఇరవై మీటర్లు. నేలకు కాస్త పైన బిగించి కట్టిన తీగ వెంట కారు నేరుగా పోతుంది. రిమోట్ లేదు, డ్రైవరు లేడు. పలక, మోటారు, నాలుగు చక్రాలు.

ఇంత చిన్నదానిలో గుట్టంతా గేరులో ఉంది. మోటారు కదలకుండా ఉన్నప్పుడు అది పలక వోల్టేజిని కిందికి లాగేస్తుంది. పలకకు శక్తి ఉండీ ఇవ్వలేని స్థితి. చక్రాలకు పెద్ద పళ్లచక్రం పెడితే కారు సులువుగా కదులుతుంది కానీ పరుగు అందుకోదు. చిన్నది పెడితే పరుగు అందుకుంటుంది, కానీ మొదట కదలనే కదలదు. దానికితోడు మబ్బు. పలుచటి మబ్బు అడ్డం వస్తేనే కరెంటు సగమవుతుంది, దట్టమైన మబ్బయితే పదో వంతుకు పడిపోతుంది. అనుభవం ఉన్న జట్ల జేబులో రెండు పళ్లచక్రాలు ఉంటాయి, ఎండకు ఒకటి, మబ్బుకు ఒకటి. పిలుపు వచ్చే ముందు ఆకాశం వంక చూసి ఏది బిగించాలో తేల్చుకుంటారు.

కెమికల్ ఇంజినీరింగ్ వాళ్ల కారు వీటన్నిటికన్నా తిక్కది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజినీర్స్ 1999 నుంచి కళాశాల విద్యార్థులకు కెమ్-ఈ-కార్ పోటీ నడుపుతోంది. ఐఐటీ బొంబాయిలో కెమికల్ విద్యార్థుల అజియోట్రోపీ ఉత్సవంలోనూ ఈ పేరుతో పోటీ ఉంటుంది. ఇక్కడ వేగంతో పనే లేదు. పోటీకి గంట ముందు రెండు అంకెలు చెబుతారు. ఎంత దూరం పోవాలి, ఎంత నీరు మోయాలి. దూరం 15 నుంచి 30 మీటర్ల మధ్య ఎంతైనా కావచ్చు. నీరు అసలు లేకపోవచ్చు, అర లీటరు దాకా ఉండవచ్చు. కారు రెండు నిమిషాల్లో ఆ గీత దగ్గరకు పోయి తనంతట తాను ఆగాలి. బ్రేకు పెట్టకూడదు. రిమోట్ వాడకూడదు. టైమరు పెట్టకూడదు. కదిలించేదీ, ఆపేదీ రసాయన చర్యే కావాలి.

ఆపడం ఎలా? చాలా జట్లు వాడేది అయొడిన్ గడియారం. మందుల షాపులో దొరికే సామానుతోనే దాన్ని చేసి చూడవచ్చు. విటమిన్ సి బిళ్ల పొడిని నీళ్లలో కలిపి టింక్చర్ అయొడిన్ పోస్తే గోధుమ రంగు మాయమై నీరు తేటపడుతుంది. అందులో గంజినీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే కాసేపు ఏమీ జరగదు. లోపల మాత్రం పని సాగుతూనే ఉంటుంది. పెరాక్సైడ్ అయొడిన్‌ను పుట్టిస్తుంది, విటమిన్ సి దాన్ని పుట్టినదాన్ని పుట్టినట్టే మింగేస్తుంది. విటమిన్ సి అయిపోయిన క్షణాన అయొడిన్ గంజిని పట్టుకుంటుంది. అంతే, రెప్పపాటులో ద్రవమంతా నల్లటి నీలంగా మారిపోతుంది. గాజు కుప్పెకు ఒకపక్క చిన్న ఎల్ఈడీ, రెండోపక్క వెలుతురును పసిగట్టే సెన్సరు పెడితే, ద్రవం నల్లబడగానే వెలుతురు ఆగుతుంది, రిలే తెగుతుంది, మోటారు నిలిచిపోతుంది.

వినడానికి ఎంతో తేలిక. చేతికొచ్చేసరికి ఉష్ణోగ్రత అడ్డం తిరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం రమారమి రెట్టింపవుతుందని ఇంటర్మీడియెట్‌లో చదువుతారు. హాస్టల్ గదిలో నలభై సెకన్లు పట్టిన ద్రవం ఏసీ ఆడిటోరియంలో ఇంకా చాలాసేపు తేటగానే ఉండిపోతుంది. ఈలోగా కారు గీత దాటి వెళ్లిపోయి ఉంటుంది. కారును నడిపే శక్తి కోసం కొందరు అల్యూమినియం, గాలి కలిసే సెల్ కడతారు, కొందరు జింకుతో కడతారు. వీటి లోపలి ద్రవాలు చర్మం మీద పడితే కాల్చేవి. అందుకే నిబంధనల పుస్తకంలో పోటీ పేజీల కన్నా భద్రత పేజీలే ఎక్కువ బరువుగా కనిపిస్తాయి. చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు, ఒలికితే తుడిచే పద్ధతి, మిగిలిన ద్రవం ఎందులో పారబోయాలి, అన్నీ ముందే రాసివ్వాలి. వాహనం చూసి ముచ్చటపడిన తర్వాత న్యాయనిర్ణేతలు అడిగే మొదటి ప్రశ్నలు వీటి మీదే.

మన కళాశాలల టెక్ ఫెస్టుల్లో రిమోట్ కార్ల పోటీలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో పెద్ద ఆకర్షణ ఇప్పటికీ నైట్రో కార్లదే. మట్టి గుట్టల మీద ఎగిరే కార్లు, చుట్టూ ఈలలు. తప్పేం లేదు, అదొక సరదా. అయితే ఆ పోటీల్లో ఇంజను చాలావరకు కొని తెచ్చినదే. ఎక్కువ డబ్బు పెట్టినవాడి కారే ఎక్కువసార్లు ముందుంటుంది. శక్తికి హద్దు పెట్టిన పోటీలో ఆ బెడద తక్కువ. అందరికీ అంతే హైడ్రోజన్, అంతే ఎండ, అంతే కరెంటు అన్నప్పుడు తేడా చూపించేది బుర్ర ఒక్కటే. నైట్రో విభాగం పక్కనే, ఒక్కో జట్టుకు లెక్కగట్టిన వాట్ అవర్లు ఇచ్చి "దీంతో ఎంత దూరం పోగలవు" అని అడిగే విభాగం ఒకటి పెడితే బాగుంటుంది. దానికి కావాల్సిన కొత్త సామాను కరెంటు ఖర్చును కొలిచే చిన్న మీటరు మాత్రమే. రిమోట్ విమానాల వాళ్లు వాడేవే, ఖరీదూ పెద్దగా ఉండదు.

హైడ్రోజన్ కిట్టు మాత్రం సామాన్య బడి కొనగలిగే ధరలో లేదు. ప్లాటినం పొరలు, లోహపు సిలిండర్లు, అవి నింపే యంత్రం, అన్నీ దిగుమతే. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఇవాళ అందుబాటులో ఉన్నది సోలార్. చిన్న పలక, పాత బొమ్మలోంచి పీకిన మోటారు, సీసా మూతల చక్రాలు ఉంటే మొదలుపెట్టవచ్చు. నీతి ఆయోగ్ 2016 నుంచి దేశమంతటా పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు పది వేలు దాటాయి. అవి ఉన్న బడుల్లో త్రీడీ ప్రింటర్ కూడా ఉంటుంది. పళ్లచక్రాలు అక్కడే అచ్చుపోసుకోవచ్చు.

ఎప్పుడు పెట్టాలన్నదే అసలు మెలిక. ఎండ మీద పందెం కాబట్టి మే నెల మేలనిపిస్తుంది. కానీ సిలికాన్ పలకకు వెలుతురు కావాలి, వేడి గిట్టదు. ఇరవై ఐదు డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకీ దాని శక్తి 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. రామగుండంలోనో, రెంటచింతలలోనో వడగాడ్పుల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే పదహారు శాతం అక్కడే పోయినట్టు. పోనీ సంక్రాంతికి పెడదామంటే సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. హైదరాబాదులో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 51, 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కారు మీద పడుకోబెట్టిన పలకకు అందాల్సినదాంట్లో ఐదో వంతుకు పైగా అందదు. ఈ రెండిటికీ మధ్య ఫిబ్రవరి చివరి వారం కుదురుతుంది. అప్పటికి సూర్యుడు 64 డిగ్రీలు దాటతాడు, వానమబ్బు తక్కువ, పలక మరీ కాలదు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు ఎలాగూ బడుల్లో ఎగ్జిబిషన్ బల్లలు వేస్తారు, థర్మోకోలు అగ్నిపర్వతాలు నిలబెడతారు. పదకొండు గంటలకు ఆ బల్లలు వదిలి మైదానంలోకి వచ్చి, ఇరవై మీటర్ల మేర రెండు మేకుల మధ్య నైలాను దారం బిగించి కడితే ట్రాక్ సిద్ధం. రెండు గంటల లోపు ముగించాలి, ఆ తర్వాత ఎండ వాలిపోతుంది.